క్లచ్ లేని సైకిలు

మా పిన్ని పదిహేడేళ్లు సిటీ బస్సు నడిపింది. ఏడో నంబరు రూటు, డిపో నుంచి నదికి అవతల ఉన్న పెద్దాసుపత్రి దాకా. ఆ పదిహేడేళ్లలో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. చివరికి దెబ్బ తగిలింది ఆవిడ కాలికే. ఒక వానరోజు డ్యూటీ అయిపోయాక, బస్సు ఆపి, ఇంజను తాళం చేత్తో పట్టుకుని దిగుతుంటే ఆఖరి మెట్టు మీద జారింది. ఎడమ చీలమండ రెండుచోట్ల విరిగింది.

"ఊరందరినీ భద్రంగా దింపాను. నన్ను నేను దింపుకోలేకపోయాను," అని చూడటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేదట.

నేను పైచదువుకి మా ఊరి నుంచి వాళ్లింటికి వచ్చేసరికి ఆ నవ్వు ఖర్చయిపోయింది. కాల్లో ఒక ప్లేటు, ఆరు స్క్రూలు ఉన్నాయి. మూడు నెలలు మంచం మీదే ఉండటంతో, ముందునుంచీ బొద్దుగా ఉండే మనిషి తొంభై ఆరు కిలోలకి చేరింది. డిపోవాళ్లు ఆవిడని మరిచిపోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. బస్సుల్లో జనం వదిలేసిన గొడుగులు, టిఫిను డబ్బాలు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు అక్కడికే వస్తాయి. ఒక్కోదానికి చీటీ కట్టి అరలో పెట్టాలి. కిటికీలోంచి చూస్తే ఏడో నంబరు బస్సు వేరేవాళ్లు తీసుకెళ్లడం కనిపిస్తుంది.

"నాక్కూడా చీటీ కట్టి పై అరలో పెట్టేశారు," అనేది పిన్ని.

డిపోలో ఒక నియమం ఉంది. దెబ్బ తగిలిన తొమ్మిది నెలల లోపల, కాలు బాగుందని ఫిజియో రాసిన ఉత్తరం తేవాలి. తర్వాత డిపో డాక్టరు ఎదుట బస్సెక్కి ఎడమకాలితో క్లచ్ తొక్కి చూపించాలి. అప్పుడే మళ్లీ స్టీరింగు ఇస్తారు. లేదంటే ఆ గదే శాశ్వతం. నేను వెళ్లేనాటికి నాలుగు నెలలు అయిపోయాయి.

బాబాయి టైలరు. ముందుగదిలో మిషను, గోడకి పేపరు కత్తిరింపులు, మెడలో ఎప్పుడూ కొలతల టేపు. నేను ఎక్కువ మాట్లాడను. కొత్తవాళ్ల ముందయితే అసలే మాట్లాడను. మొదటి వారం నేను తలుపు వారగా నిలబడి ఉంటే బాబాయి నన్ను చూసి, "పిచ్చుక వాలింది. చప్పుడు చేయకండి, ఎగిరిపోతుంది," అన్నాడు. అప్పటినుంచి నా పేరు పిచ్చుకే.

మాట్లాడను గానీ రాస్తాను. మా ఊరి బళ్లో పెద్ద మాస్టారు అయిదో తరగతి నుంచీ మా అందరిచేతా రోజూ డైరీ రాయించేవారు. తేదీ, ఎండో వానో, తర్వాత కంటితో చూసిన సంగతి ఒకటి. విన్నది రాస్తే కొట్టేసేవారు. అనుకున్నది రాసినా కొట్టేసేవారు. "చూసిందేమిటి, అది రాయి," అనేవారు. మిగతా పిల్లలు బడి మారగానే మానేశారు. నాకు అలవాటైపోయింది.

మరిచిపోయిన వస్తువుల గదికి ఒకరోజు ఒక పెద్దావిడ వచ్చింది. బస్సులో తన సంచి వదిలేసిందట. అందులో ఈత కళ్లద్దాలు, రబ్బరు టోపీ, మెళ్లో వేసుకునే ఈల ఉన్నాయి. సంచి తీయడానికి పిన్ని కుర్చీలోంచి లేచి అర దాకా నడిచిన నాలుగడుగులు ఆవిడ కళ్లప్పగించి చూసింది.

"చీలమండేనా?" అంది.

"అవునండీ."

"ఎన్నాళ్లయింది?"

"అయిదో నెల."

"నడక చూస్తే కాలు బాగానే అతుక్కుంది. భయమే ఇంకా అతుక్కోలేదు. సాయంత్రం ఈతకొలనుకి రా."

"నన్ను చూశారుగా. నేను దిగితే కొలనులో నీళ్లు బయటికి వస్తాయి," అంది పిన్ని.

"రానీ. నేలకి కాస్త తడి తగులుతుంది."

ఆవిడ నలభై ఏళ్లు ఆ కొలను దగ్గర కాపలా ఉండి ఎంతోమందిని మునగకుండా లాగిన మనిషి. ఇప్పుడు పెద్దవాళ్లకి ట్రయథ్లాన్ నేర్పుతోంది. ఆగకుండా ముందు ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. ఏటా అక్కడే ఒక చిన్న పోటీ జరుగుతుంది. మూడు వందల మీటర్ల ఈత, పది కిలోమీటర్ల సైకిలు, రెండున్నర కిలోమీటర్ల పరుగు. ఆవిణ్ని అందరూ ఈలమ్మ అంటారు. ఎదురుగా కూడా అలాగే అంటారు, ఆవిడ పలుకుతుంది.

పిన్నికి సరిపోయే ఈతదుస్తులు ఏ దుకాణంలోనూ దొరకలేదు. మూడో దుకాణంలో అమ్మాయి, "ఈ సైజు రాదండీ," అన్న తీరు చూసి పిన్ని ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. బాబాయి బజారుకి వెళ్లాడు. సాగే గుడ్డ నాలుగు మీటర్లు తెచ్చాడు. పిన్నిని లేపి నిలబెట్టి కొలతలు తీశాడు. బేరాలకి తీసేటప్పుడు అంకెలు పైకి చెబుతాడు, నేను కాగితం మీద రాస్తాను. ఆ రోజు ఒక్క అంకె కూడా పైకి అనలేదు.

"రాసుకోరా?" అంది పిన్ని.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. కొత్తగా రాసుకునేదేముంది," అన్నాడు.

నేవీబ్లూ గుడ్డ, మోకాళ్ల దాకా, భుజాలు కప్పేలా కుట్టాడు. పక్కల్లో కుట్టులోపల రెండేసి అంగుళాలు వదిలాడు. "అవెందుకు?" అని పిన్ని అడిగితే, "బిగించడానికైనా పనికొస్తాయి, వదులు చేయడానికైనా పనికొస్తాయి. నేను ఏ పార్టీకీ చెందను," అన్నాడు.

కొలనులో మొదటి పదిహేను రోజులు నడకే. ఛాతీ దాకా నీళ్లు, ఈ గోడ నుంచి ఆ గోడకి. గట్టు మీద నేను తువ్వాలు పట్టుకుని కూర్చునేదాన్ని. నీళ్లలోకి దిగగానే పిన్ని ముఖం మారడం చూశాను. కర్ర లేకుండా, గోడ పట్టుకోకుండా, రెండు కాళ్ల మీదా సమానంగా నడిచింది. అవతలి గోడ తాకి నావైపు తిరిగి, "అమ్మడూ, నా బరువు ఎవరో మోస్తున్నారే," అంది.

ఆ తర్వాత ఈత. నెలన్నరకి వంద మీటర్లు. రెండు నెలలకి రెండు వందలు. ఫిజియో నెలకోసారి కాలు చూసేవాడు. ఆయన చిన్న వయసువాడు, బల్ల మీద ప్లాస్టిక్ ఎముకల పాదం ఒకటి పెట్టుకుని అన్నీ దానిమీదే చూపించేవాడు. ఈత మంచిదన్నాడు. సైకిలు మెల్లగా మొదలుపెట్టమన్నాడు. ఎనిమిదో నెల మొదట్లో, పిన్ని పోటీకి పేరిచ్చాక, పరుగుకి కూడా ఒప్పుకున్నాడు, అదీ సగం మనసుతో. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. "ఈ బరువుతో చీలమండ మీద పడే దెబ్బ చిన్నది కాదమ్మా. కాస్త వాచినా ఆపేయాలి," అన్నాడు.

సైకిలు ఈలమ్మది. పిన్ని ముందు, బాబాయి పాత సైకిలు మీద నేను వెనక. ఎక్కడికెళ్దాం అంటే పిన్నికి తెలిసిన దారి ఒకటే, ఏడో నంబరు రూటు. డిపో దగ్గర మొదలుపెట్టి నది వంతెన దాకా వెళ్లి రావడం. ఆ దారిలో గుంటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. మొదటిరోజు రాత్రి నా డైరీలో ఇలా రాసుకున్నాను: "ఎండ. పిన్ని సైకిలుని బస్సులాగే నడిపింది. ప్రతి స్టాపు దగ్గరా ఆపింది. ఎడమకాలు దబ్బుమని నేలకి తన్నింది. ఒక స్టాపులో బస్సు కోసం కూర్చున్న ముసలాయన నిజంగానే లేచి నిలబడ్డాడు."

నవ్వొచ్చి రాశాను. అంతకుమించి ఏమీ తట్టలేదు.

ఎనిమిదో నెల మధ్యలో కాలు వాచింది.

పిన్ని ఎవరికీ చెప్పలేదు. మేజోళ్లు పొడుగ్గా లాక్కునేది. ఈలమ్మ అడిగితే, "ఉక్కులా ఉంది," అనేది. బాబాయి అడిగితే, "మీ మిషను సూది చూసుకోండి ముందు," అనేది. నేను మాత్రం అడగలేదు, నేను ఎవరినీ ఏదీ అడగను. కానీ వాళ్లిల్లు మేడ మీద. పద్నాలుగు మెట్లు. కాలు బాగున్న పొద్దున పిన్ని మెట్టుకొక అడుగు వేసి దిగేది. బాగాలేని పొద్దున ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి, పక్కకి తిరిగి దిగేది. నేను నీళ్ల గది కిటికీలోంచి చూసేదాన్ని. చూసింది రాసేదాన్ని.

ఉత్తరం తీసుకోవాల్సిన రోజు ముగ్గురం ఫిజియో దగ్గరికి వెళ్లాం. గడువు ఇంకా మూడు వారాలుంది. పిన్ని పొద్దున్నే డిపో చొక్కా ఇస్త్రీ చేయించుకుంది, అవసరం లేకపోయినా. అక్కడ బల్ల మీద కాలు చాపి కూర్చుంటే ఫిజియో మేజోడు కిందికి జరిపాడు. చీలమండ పక్కన వేలితో నొక్కాడు. గుంట పడింది. వెంటనే నిండలేదు.

"ఇది ఎన్నాళ్లనుంచి?"

"నిన్నటినుంచేనండీ. కాస్త ఎక్కువ నిలబడ్డాను."

"నొప్పి?"

"లేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోప్పడలేదు, అందుకే నాకు భయం వేసింది. "అమ్మా, నేను ముందే అన్నాను. ఈ బరువుకి పరుగు ఎక్కువ. పరుగు ఆపేయండి. పోటీ సంగతి మరిచిపోండి. ఈ కాలితో రోజుకి ఎనిమిది గంటలు క్లచ్ తొక్కుతారని నేను సంతకం పెట్టలేను. ఇంకో రెండు నెలలు చూద్దాం."

రెండు నెలలంటే గడువు దాటిపోతుంది. ఆయనకి తెలియదు. పిన్ని చెప్పలేదు. "సరేనండీ," అని మేజోడు పైకి లాక్కుంది. లాక్కుని అక్కడే ఆ మేజోడు అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. బాబాయి మెడలో టేపు ఒక చివర వేలికి చుట్టి విప్పుతున్నాడు.

నా సంచిలో డైరీ ఉంది. అందులో కాలు సంగతులే కాదు, క్లాసులో ఎవరూ నాతో మాట్లాడని రోజులు ఉన్నాయి, ఇంటిమీద బెంగపెట్టుకున్న రోజులు ఉన్నాయి. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నాను.

"నిన్నటినుంచి కాదు," అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు. పిన్ని, "అమ్మడూ," అంది మెల్లగా. ఆపమన్నట్టు.

ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు. అందుకని తల ఎత్తకుండా చదివాను. "సోమవారం. పరుగు. మంగళవారం పొద్దున మెట్టుకొక అడుగు. మంగళవారం సైకిలు. బుధవారం పొద్దున మెట్టుకి రెండు అడుగులు, గోడ పట్టుకుంది. బుధవారం ఈత. గురువారం మెట్టుకొక అడుగు, మూడు మెట్ల దగ్గర తప్ప. గురువారం పరుగు. శుక్రవారం మెట్టుకొక అడుగు. శుక్రవారం సైకిలు. శనివారం మెట్టుకి రెండు అడుగులు."

"ఇంకో వారం చదువు," అన్నాడు ఫిజియో.

చదివాను. దాని వెనక వారం కూడా చదివాను. నాలుగో వారం మధ్యలో ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పరుగు మర్నాడు బాగుంటోంది. సైకిలు మర్నాడు బాగుండటం లేదు. సరిగ్గా తలకిందులుగా ఉండాలి ఇది," అన్నాడు. పుస్తకం కోసం చెయ్యి చాచాడు. నేను గుండెలకి హత్తుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వే చూసి చెప్పమ్మా. సైకిలు తొక్కేటప్పుడు ఏం చేస్తుంది?" అన్నాడు.

మొదటిరోజు పేజీ తీసి ముసలాయన లేచి నిలబడటం దాకా చదివాను. బాబాయి దగ్గినట్టు నటించాడు.

ఫిజియో పిన్నిని కిందికి తీసుకెళ్లాడు. ఆయన సైకిలు వరండాలో ఉంది. సీటు సరిచేసి, "ఈ వీధి చివరిదాకా వెళ్లి రండి. నేనెక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆపండి," అన్నాడు. పిన్ని చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తోంది. ఆయన చెయ్యెత్తాడు. పిన్ని చేతులతో బ్రేకు పట్టింది, పట్టిన ఆ క్షణంలోనే ఎడమకాలు నిటారుగా చాచి మడమతో నేలని తొక్కింది. నేల లోపలికి దిగిపోవాలన్నంత బలంగా. మళ్లీ పంపాడు, మళ్లీ అంతే.

"ఎడమకాలే ఎందుకు?"

"ఆపాలంటే తొక్కాలి కదండీ," అంది పిన్ని.

"ఏం తొక్కాలి?"

పిన్ని తన కాలివైపు చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

"సైకిలుకి క్లచ్ ఎక్కడుందమ్మా?" అన్నాడు ఆయన. "ఒక్కసారి వెళ్లొస్తే ఎన్నిసార్లు ఆపుతారు?"

పిన్ని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టబోయింది. "ఇరవై ఎనిమిది," అన్నాను నేను.

"అన్ని సిగ్నళ్లు ఉన్నాయా ఆ దారిలో?"

"రెండు."

"మరి మిగతావి?"

"స్టాపులండీ," అంది పిన్ని, నేల చూస్తూ. "ఆపకపోతే తప్పు చేసినట్టు ఉంటుంది."

"ఎవరైనా ఎక్కారా?" అన్నాడు ఆయన, చాలా శ్రద్ధగా.

ముందు నవ్వింది బాబాయి. మెట్ల మీద కూర్చుని, టేపుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత పిన్ని. నేను వచ్చాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఏడ్చేసింది, మళ్లీ నవ్వింది.

ఫిజియో గదిలోకి వెళ్లి ప్లాస్టిక్ పాదం పట్టుకొచ్చి చూపించాడు. పరుగులో పాదం వంగుతుంది, దెబ్బని పంచుకుంటుంది. నిటారు కాలితో మడమ తన్నితే వంగేదేమీ లేదు, అంతా వచ్చి ప్లేటు దగ్గరే తగులుతుంది. "ఎముక బాగుంది. పరుగు మీద నేరం మోపాను, పొరపాటు నాదే. మీ బరువుని చూసి ఇంకేమీ చూడలేదు," అన్నాడు. ఒక డాక్టరు మా ఎదుట అలా అనడం నేను ఊహించలేదు. "రెండు వారాలు టైమివ్వండి. కుడికాలు దించడం నేర్చుకోండి. వాపు తగ్గితే ఈ అమ్మాయి పుస్తకం చెప్పింది నిజమని సంతకం పెడతాను. మీరు చెప్పింది మాత్రం ఇక నమ్మను."

"గడువు మూడు వారాలేనండీ," అంది పిన్ని అప్పుడు.

"ఇది మొదట చెప్పాలి కదమ్మా," అన్నాడాయన.

దారిలో నేను పిన్ని వైపు చూడలేదు. అందరిముందూ ఆవిడ అబద్ధాన్ని బయటపెట్టాను. మేడ మెట్ల దగ్గర పిన్ని నా భుజం పట్టుకుని ఆగింది. "ఎన్ని మెట్లని రాస్తావే?"

"పద్నాలుగు."

"ఇన్నాళ్లూ పదమూడనుకున్నాను," అని మెల్లగా ఎక్కింది. చెయ్యి మాత్రం పైదాకా నా భుజం మీదే ఉంచింది.

పదిహేడేళ్ల అలవాటు చెబితే పోదు. బాబాయి ఎర్రగుడ్డ ముక్క ఒకటి పిన్ని కుడి బూటు మీద కుట్టాడు, కిందికి చూడగానే కనిపించేలా. ఈలమ్మ ఖాళీ మైదానంలో పిన్నిని గుండ్రంగా తిప్పుతూ ఎప్పుడు పడితే అప్పుడు ఈల ఊదేది. ఎడమకాలు దిగితే, "దిగకండి, దిగకండి, ఇది మీ స్టాపు కాదు," అని అరిచేది. ఏడో రోజుకి నూటికి తొంభైసార్లు కుడికాలే దిగింది. పద్నాలుగు మెట్లు వరసగా తొమ్మిది రోజులు మెట్టుకొక అడుగు.

ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. పిన్ని దాన్ని మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివింది. నన్ను కూడా చదవమంది.

డిపో పరీక్షకి నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు కమ్మీల్లోంచి చూశాను. డిపో డాక్టరు బస్సులో పిన్ని పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు. ఇంజను శబ్దం పెరిగింది, తగ్గింది, చాలాసేపు. తర్వాత తలుపు తెరుచుకుంది. పిన్ని ఆఖరి మెట్టు మీద ఒక క్షణం ఆగింది. ఎడమకాలు ముందు దించింది. నిలబడింది. నేను గేటు దగ్గర ఉన్నానని తెలిసి, బొటనవేలు ఎత్తడమో చెయ్యి ఊపడమో చేయలేదు, మెట్టెక్కి మళ్లీ ఒకసారి దిగి చూపించింది.

వచ్చే సోమవారం నుంచి ఏడో నంబరు మళ్లీ పిన్నిదేనన్నారు. బరువు ఎంతని డాక్టరు అడిగితే తొంభై ఒకటి అని నిజమే చెప్పిందట. ఆయన రాసుకుని తర్వాతి ప్రశ్న అడిగాడట. ఆ రాత్రి బాబాయి ఈతదుస్తుల పక్కకుట్టు విప్పి ముప్పావు అంగుళం లోపలికి పట్టాడు. "పార్టీ మారాను," అన్నాడు.

పోటీ ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం పొద్దున. ఈతలో పిన్ని చివరి నుంచి అయిదోది. కొలను లోంచి వచ్చి బూట్లు వేసుకోవడానికి చాలాసేపు పట్టి చివరిదైంది. "నిదానమమ్మా, రైలుకేం వెళ్లడం లేదు," అంది ఈలమ్మ, ఈల నోట్లోంచి తీసి. సైకిలు దారి పోటీవాళ్లు పెట్టిందే, కానీ మూడో కిలోమీటరు దగ్గర అది ఏడో నంబరు రూటులోకి కలుస్తుంది. నేను నది వంతెన ముందున్న స్టాపులో నిలబడ్డాను, పాత అలవాటుతో అక్కడే ఆగిపోతుందేమోనని.

స్టాపులో నలుగురున్నారు. ఆ ముసలాయన కూడా ఉన్నాడు. దూరంగా నేవీబ్లూ కనిపించింది. బాగా తొక్కుతోంది, ముఖం ఎర్రబడింది. స్టాపు దగ్గరపడేకొద్దీ వేగం తగ్గింది. వేళ్లు బ్రేకు మీదికి వెళ్లాయి. కిందికి చూసింది, కుడి బూటు మీద ఎర్రముక్క. తల ఎత్తి ముసలాయన్ని చూసింది. ఆయన అప్పటికే సంచి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు.

పిన్ని ఆగలేదు. మమ్మల్ని దాటుతూ, క్షమించమన్నట్టు ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, "రేపు, రేపు ఆపుతాను," అని చెప్పి వంతెన ఎక్కిపోయింది.

ముసలాయన నావైపు తిరిగాడు. "ఎవరమ్మా ఆవిడ?"

"ఏడో నంబరు డ్రైవరండీ," అన్నాను. కొత్తమనిషితో, ఎవరూ బలవంతపెట్టకుండానే.